ఆనుకుంటే ఆపేది

మొన్న సోమవారం పొద్దున ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లంతా ఆకుపచ్చ జాకెట్లు తొడుక్కుని వరసలో నిలబడినప్పుడు, వెనకనుంచి ఎవరో "పెద్దమ్మ పోయిందంట" అన్నారు. నేను ఆ పూట పాటించాల్సిన జాగ్రత్తలు కాగితం చూసి చదువుతున్నాను. ఆపలేదు. చివరిదాకా చదివాను. మధ్యలో ఆపి ఏడ్చి ఉంటే, "తడి వైర్ల సంగతి సెప్పకుండా నాకోసం ఏడుస్తావేందే" అని ఆమే లేచొచ్చి తిట్టి ఉండేది.

పేరు రాయను. హాజరు పుస్తకంలో ముగ్గురు మేస్త్రీలు ఆమె పేరును మూడు రకాలుగా రాశారు. మూడింట్లో ఒక్కటీ సరైనది కాదు. "ఏదో ఒకటి రాసుకోండప్పా, పలికేది నేనే కదా" అనేది. క్యాతగానచెర్లు నుంచి వల్లూరు దాకా మా పావగడ సోలార్ పార్కులో పనికొచ్చే వాళ్లందరికీ ఆమె పెద్దమ్మే. నాకూ అంతే, చుట్టరికమేమీ లేదు.

ఎత్తు మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా, దాని మీద జాకెట్టు, తలకు తువ్వాలు చుట్టి ఆ పైన హెల్మెట్టు. ప్యానెళ్లు తుడిచే పొడుగు కర్రను భుజాల మీద అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ దాని మీదుగా వేలాడేసి నడిచేది. వయసులో ఉన్నప్పుడు గొర్రెల మంద వెనక నడిచిన నడక అది. మంద పోయి, తర్వాత పెట్టిన వేరుశనగ చేను ప్యానెళ్ల కిందికి పోయినా నడక మారలేదు.

ఆమెకొక అలవాటు. చేతికి ఆసరాగా దొరికిన దేన్నయినా ముందు ఊపి చూసేది. వెనక జనం తోస్తున్నా సరే, బస్సు తలుపు పక్కన కమ్మీని రెండుసార్లు గుంజి గానీ ఎక్కేది కాదు. పావగడ ఆసుపత్రిలో మెట్ల పక్కన గొట్టాన్ని గుంజి చూస్తుంటే నర్సమ్మ కేకలేసింది. బ్యాంకులో వరస కోసం నిలబెట్టిన స్టీలు కడ్డీని ఊపితే అది కాస్తా పెద్ద చప్పుడుతో కింద పడింది. క్యాషియరు ఉలిక్కిపడి లేచాడు.

"పడేదాన్ని ఎందుకు నిలబెట్టినావప్పా?" అని అడిగింది, తప్పంతా అతనిదే అయినట్టు.

ఈ అలవాటు ఎక్కడిదో ఒకసారి తానే చెప్పింది. మంద ఎక్కడ దిగితే అక్కడ చుట్టూ కంపతో దడి కట్టాలి. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఒకనాడు మొగుడు దడి కట్టానంటే నమ్మి, చూడకుండా వంటకు కూర్చుంది. తెల్లవారి చూస్తే తొమ్మిది గొర్రెపిల్లలు లేవు. తోడేలు దూరిన సందు ఎంతో చేత్తో కొలిచి చూపించేది. జానకు కొంచెం ఎక్కువ.

"మా ఆయప్ప కట్టినా అన్నాడు. కట్టినాడు, కాదనను. ఊపి సూసింటే తెలిసేది" అనేది. మొగుడు పోయి ఏళ్లయినా ఆ కోపం మాత్రం ఆమెకు అట్లే ఉండేది.

నేను పీయూసీ తర్వాత సేఫ్టీ కోర్సు చేసి పనిలో చేరిన మొదటి వారంలోనే ఆమె చేతికి చిక్కాను. పార్కులో చాలా కంపెనీలున్నాయి, మాది ఏదైతే ఏం. రోజూ పొద్దున పనిలోకి దిగే ముందు సేఫ్టీ సారు ఇంగ్లీషులో పంపిన కాగితాన్ని తెలుగులో చదవడం నా పని. ఆడవాళ్లు దాన్ని "ప్రార్థన" అనేవాళ్లు, బడిలో మాదిరి వరసలో నిలబడి వింటారు కాబట్టి. ఆ రోజు నేను బిగుసుకుపోయి చదివాను: "మెట్లు ఎక్కునపుడు హ్యాండ్‌రైల్ పట్టుకొనవలెను."

"పాపా, యాండ్రేలంటే ఏంది?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"చేత్తో పట్టుకునేది పెద్దమ్మా."

"సేత్తో చీపురూ పట్టుకుంటాం. సరిగ్గా సెప్పు."

"మెట్ల పక్కన ఉంటాది కదా, కమ్మీ."

"అట్ల సెప్పు. కమ్మీ అంటే నా కండ్ల ముందర కమ్మీ కనపడతాది. యాండ్రేలంటే ఏం కనపడతాది? సరే, యాడుంది ఆ కమ్మీ?"

మా బ్లాకులో మెట్లంటూ ఉన్నది ఒక్కచోటే, నీళ్ల ట్యాంకుకు వేసిన ఇనుప మెట్లు. ఆమె కర్ర నాకిచ్చి నేరుగా అక్కడికి పోయింది. కమ్మీ పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. వెల్డింగు ఎప్పుడో ఊడిపోతే ఎవరో తీగతో కట్టి పెట్టారు. తీగ తెగింది, కమ్మీ ముక్క ఆమె చేతికొచ్చింది. దాన్ని భుజాన వేసుకుని ఆఫీసు గదిలోకి పోయి సేఫ్టీ సారు బల్ల మీద పెట్టింది.

"సార్, దీన్ని పట్టుకోమని ప్రార్థనలో సెప్పినారు. పట్టుకున్నా. ఊడొచ్చింది. ఇది పట్టుకోని ఎక్కినోళ్లు దీంతోపాటే కిందికొస్తారు. ట్యాంకు కడిగేది ఆడోళ్లు, మీరు కాదు."

సారు ఉత్తరాది మనిషి. నావైపు చూశాడు. నేను హిందీలో "సార్, వెల్డింగు లూజుగా ఉంది" అన్నాను.

హిందీ ముక్క రాని ఆమె నావైపు తిరిగి, "నేను ఇన్ని మాటలు సెప్తే నువ్వు రెండే సెప్పినావే పాపా. మిగిలినవి యాడికి పోయినాయి?" అంది.

ఆ సాయంత్రానికి వెల్డింగు అయింది. నాకు మాత్రం ఆమె పక్కన కూర్చుని అన్నం తినాలంటే చాలా రోజులు భయమేసింది. ఆమే పిలిచి కూర్చోబెట్టుకునేది. తింటూ పేర్లు చెప్పించేది, నేను బడి పిల్లనైనట్టు. కంపతో కట్టింది దడి. కట్టెలు అల్లి వాకిలికి నిలబెట్టింది తడక. రాళ్లు పాతి తీగ లాగితే కంచె. మిద్దె మీద పిల్లోళ్లు పడకుండా కట్టింది పిట్టగోడ. కిటికీకి ఉండేవి చువ్వలు. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే ఒప్పుకునేది కాదు. "పిట్టగోడ ఉందని సెప్పి తడక నిలబెడితే పిల్లోడు పడతాడు. పేరు నమ్ముకోనే కదా మనిషి ఆనుకునేది" అనేది. నేను నవ్వుతూ తలాడించేదాన్ని. ఇది అన్నం తినేటప్పటి కబుర్లనే అనుకున్నాను.

తర్వాత ఎండాకాలంలో సంపు దగ్గర ప్రమాదం జరిగింది. ప్యానెళ్లు కడిగే నీళ్లు నిలవ చేసే నేలతొట్టినే మేం సంపు అంటాం. మోటారు పాడైందని దాని మీది పలకలు తీసేశారు. చుట్టూ నాలుగు కడ్డీలు పాతి ఎరుపు తెలుపు చారల ప్లాస్టిక్ టేపు కట్టారు. నేను నింపాల్సిన తనిఖీ పట్టీలో ఒక ప్రశ్న ఉంది: గుంత చుట్టూ బ్యారికేడ్ ఉందా, లేదా? దూరం నుంచి టేపు కనబడింది. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని "ఉంది" దగ్గర టిక్కు పెట్టాను. శిక్షణలో టేపును కూడా బ్యారికేడ్ అనే నేర్పించారు మరి.

మా గ్యాంగులో సరోజక్క అని ఇద్దరు పిల్లల తల్లి. నీళ్ల పైపు లాగుతూ వెనక్కి వెనక్కి నడిచింది. వీపుకు టేపు తగిలింది. ఏదో ఉంది కదా, ఆపుతుందని అనుకుందట. అది సాగి పుటుక్కున తెగింది. లోపల మోకాలి లోతు నీళ్లే, కానీ పడడం పడడం గచ్చు అంచు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె అరుపుకు అందరికంటే ముందు పరిగెత్తింది పెద్దమ్మే. మగవాళ్లు నిచ్చెన తెచ్చేలోపు సంపులోకి దిగి, సరోజక్క తలను ఒళ్లో పెట్టుకుని నీళ్లలోనే కూర్చుంది.

మూడో రోజు బెంగళూరు నుంచి పెద్దాఫీసరు విచారణకొచ్చాడు. అప్పటికే వాంగ్మూలం టైపు చేసి ఉంది. బ్యారికేడ్ ఉన్నా లెక్కచేయకుండా పోయినందువల్ల సరోజ పడిందని దాని సారాంశం. ఆ కాగితం మీద మా గ్యాంగు ఆడవాళ్లంతా సంతకాలో వేలిముద్రలో పెట్టాలి. పెడితే తప్పు సరోజక్కదే అవుతుంది. వైద్యమూ ఆమే చూసుకోవాలి, ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మేస్త్రీ మాత్రం "బిరీన ఏసి పనికి పోండి" అని తొందర చేస్తున్నాడు.

వయసులో పెద్దదని మొదట పెద్దమ్మను పిలిచారు. ఆమె సిరాలో బొటనవేలు అద్దింది. అద్ది, ఆ వేలును గాలిలోనే ఆపింది.

"పాపా, ఏముందో మన మాటల్లో సదువు. అంతా సదువు. రెండు మాటలు కాదు."

చదివాను. "గుంత చుట్టూ అడ్డు కట్టి ఉన్నింది. సరోజ ఆ అడ్డును లెక్కచేయక..."

"అడ్డా? ఏం అడ్డు?"

"టేపు పెద్దమ్మా."

"కాయితంలో టేపు అనుందా, అడ్డు అనుందా?"

"బ్యారికేడ్ అనుంది."

"అది ఉండాదని రాసిందెవురు?"

"నేనే" అన్నాను.

"దగ్గరికి పోయి సూసి రాసినావా?"

"లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నావైపు ఊరికే చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తింటే హాయిగా ఉండేది. తర్వాత పెద్దాఫీసరు వైపు తిరిగి, మాది కన్నడ రాష్ట్రం కాబట్టి మా అందరికీ వచ్చిన కన్నడలోనే మాట్లాడింది. "సార్, ఒక్కసారి బయటికి రాండి."

ఏమనుకున్నాడో ఏమో, వచ్చాడు. అందరం వెనకే వెళ్లాం. సంపు చుట్టూ కొత్త టేపు కట్టి ఉంది, పాతదానికంటే ఇంకా మెరుస్తూ.

"సార్, దీన్ని ఆనుకోండి" అంది.

"ఏంటమ్మా?"

"వీపు ఆనించి నిలబడండి. మీరు నిలబడితే నేను ఏలిముద్ర ఏస్తా. ఒక్క ఏలు కాదు, పది ఏళ్లూ ఏస్తా."

ఆయన నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. సేఫ్టీ సారు కల్పించుకుని, అది ఆనుకోవడానికి కాదు, హెచ్చరిక కోసం కట్టిందని వచ్చీరాని కన్నడలో చెప్పబోయాడు.

"అట్లయితే హెచ్చరిక అనే రాయండి సార్. అడ్డు అని ఎందుకు రాసినారు? ఆనుకుంటే ఆపేది అడ్డు. ఆపనిది తిరణాల్లో కట్టే రంగు కాయితం. గొర్రె గూడా దీన్ని సూసి దడి అనుకోదు. సరోజ మనిషి కాబట్టి మీ మాట నమ్మింది."

మేస్త్రీకి కోపమొచ్చింది. "ఏయ్ ముసల్దానా, నీకు పని కావల్నా వద్దా?"

"కావల. అందుకే సెప్తాండా. రేపు ఈ గుంత పక్కన పైపు లాగల్సింది నేనే కదరా."

నేను వెనక నిలబడిన ఆడవాళ్లను చూశాను. ఒకామె బొటనవేలును పిడికిట్లో మూసుకుంది. పక్కామె చేతులు కట్టుకుంది. ఆ పక్కామె కొంగులో దాచుకుంది. ఆఫీసులోకి పోయి నా పట్టీ తెచ్చి, అందరూ చూస్తుండగానే టిక్కు కొట్టేసి, పక్కన "బ్యారికేడ్ లేదు, టేపు మాత్రమే" అని రాసి సంతకం పెట్టాను. పెద్దాఫీసరు దాన్ని తీసుకుని చదివాడు. టేపు వైపు ఇంకోసారి చూశాడు. వాంగ్మూలం మళ్లీ రాయమన్నాడు.

సరోజక్క వైద్యం కంపెనీయే చూసుకుంది. ఎనిమిది నెలల తర్వాత ఆమె కుంటుకుంటూ వచ్చి స్టోరులో కూర్చునే పనిలో చేరింది. సంపు చుట్టూ రొమ్ము ఎత్తున ఇనుప కమ్మీలు వేశారు. నాకు మెమో వచ్చింది. పెద్దమ్మ గేటు పాసు ఆ నెలాఖరుతో అయిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. వయసు మీరిందని కాంట్రాక్టరు చెప్పాడు. ఆమెకంటే పెద్దవాళ్లు ఇద్దరు అదే గ్యాంగులో అప్పుడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు.

పాసు లేకపోయినా ఆమె రోజూ అన్నం క్యారియరుతో వచ్చేది. మేం లోపల వరసలో నిలబడితే, ఆమె జాలీ కంచెకు అవతల నిలబడి ప్రార్థన వినేది. మొదటి రోజు కంచెను రెండు చేతులా పట్టుకుని ఊపింది. అది కదల్లేదు. ఆమె గట్టిగా నవ్వింది, మా అందరికీ వినిపించేటట్టు.

"సూసినారా? మనల్ని బయట పెట్టేదానికి మాత్రం ఎంత బాగా కట్టినారో!"

ఆ కంచె లోపలే ఆమె చేను ఉంది. కౌలుకిచ్చిన భూమి, పహణిలో ఇప్పటికీ ఆమె పేరే. "నా సేనికి నేను పోయేదానికి పాసు కావల్నా?" అని గార్డును నిలదీసేది. మా ఊరి వాడే, తల వంచుకునేవాడు. నాకు కంపెనీ మీద కంటే నా మీదే కోపమొచ్చేది. ఆ టిక్కు నేను పెట్టకపోయి ఉంటే ఆమె ఈ కంచెకు అవతల నిలబడేది కాదు. ఒకసారి ఆ మాటే ఆమెతో అన్నాను.

"నువ్వు పెట్టినావు, నువ్వే కొట్టేసినావు. ఇంగ దాన్ని ఎత్తుకోని తిరగద్దు. పనికి పో" అంది.

పదో పన్నెండో రోజుల తర్వాత క్యారియరుతో రావడం మానేసింది. ఆరు మేకలు తోలుకుని కంచె వెంబడి రోడ్డు మీద మేపడం మొదలుపెట్టింది. అక్కడినుంచే మా మీద అజమాయిషీ. "ఒసే, ఆ వైరు తొక్కొద్దే!" అని ఆమె కేకేస్తే లోపల పది మంది ఒకేసారి కాళ్లు ఎత్తేవాళ్లు.

పోయినేడు కొత్త సేఫ్టీ సారు వచ్చాడు, మన భాష మనిషి, మంచివాడు. ఎవరో సంపు సంగతి చెప్పారు. భద్రతా వారోత్సవాల్లో ఆమెకు సన్మానం చేద్దామన్నాడు. షామియానా వేశారు, బ్యానరు కట్టారు. నేను పోయి బతిమాలితే వచ్చింది. మేకలను గేటు బయట గార్డుకు అప్పగించి, కాళ్లకంటిన దుమ్ము దులుపుకుని లోపలికొచ్చింది. పాసు పోయాక కంచె లోపల కాలు పెట్టడం అదే మొదలు.

సారు శాలువా విప్పి కప్పబోయాడు. అది భుజానికి తగలకముందే ఆమె చేత్తో పట్టుకుంది.

"ఇది తర్వాత సార్. రెండో గేటు పక్కన కేబుళ్ల కాలవ మీద మూడు పలకలు ఇరిగినాయి. రోడ్డు మీదినుంచి ఐదు దినాలుగా సూస్తాండా. ఆడోళ్లు నీళ్ల పైపులు ఎత్తుకోని దాన్ని దాటుకోని పోతాండారు."

"తప్పకుండా చూస్తామమ్మా. ప్రోగ్రాం అయిపోనీ."

"పోగ్రాం పెట్టింది దానికోసమే కదా సార్?"

ఆమె ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి బ్యానరు ముందు నడిమధ్య వేసుకుని కూర్చుంది. శాలువాను ఒళ్లో పెట్టుకుంది. "పోయి సూసి రాండి. నాకు తొందరేం లేదు."

ఫొటోలు తీసేవాడు కెమెరా దించాడు. ఉపన్యాసం కాగితం పట్టుకుని నిలబడిన ఆఫీసరు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేవండి అని ఆమెతో ఎవరూ అనలేకపోయారు. కాసేపటికి వెనక వరసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే నేల మీద కూర్చున్నారు, వాళ్లకూ తొందరేమీ లేనట్టు. కొత్త సారు ఒక నిమిషం నిలబడి, ఫోను తీసి స్టోరుకు చేశాడు. ట్రాక్టరు మీద పలకలొచ్చాయి. నేను పోయి చూసి వచ్చాను.

"ఏసినారు పెద్దమ్మా."

"ఎక్కి సూసినావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. మళ్లీ అంత దూరం ఎండలో నడిచిపోయి, మూడు పలకల మీదా ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి, నా బరువంతా వేసి ఎగిరి చూశాను. మూడోది అటూ ఇటూ ఆడింది. దాన్ని ఎత్తించి, కింద రాళ్లు సర్దించి, మళ్లీ ఎగిరి చూసి వచ్చేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా.

అప్పుడు లేచింది. శాలువాను మడిచి సారు చేతిలో పెట్టింది.

"శానా బాగుండాది సార్. దీన్ని సరోజకియ్యండి. సలికాలమొస్తే దానికి తుంటి నొస్తాది."

సారు ఏదో అనబోయేలోపే గేటు దాటింది. బయట గార్డు టీ తాగుతూ నిలబడ్డాడు. ఆరు మేకలూ రోడ్డు దాటి ఎవరిదో వేరుశనగ చేలో పడి మేస్తున్నాయి. ఆమె కర్ర ఎత్తి, మేకల్నీ గార్డునూ కలిపి తిడుతూ ఆ చేనివైపు పరిగెత్తింది.